పెట్టె మీది అంకెలు, తెర మీది రంగులు: ఇంట్లో గ్రాఫిక్ డిజైన్ పనికి మానిటర్ ఎంపికలోని మెలికలు

ఆన్‌లైన్ దుకాణంలో 27 అంగుళాల మానిటర్ల పేజీ తెరిచిన వారికి ఒక్కో మోడల్ పేరు కింద దాదాపు ఒకే రకమైన అంకెల వరుస ఎదురవుతుంది: 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 95 శాతం డీసీఐ-పీ3, డెల్టా ఇ 2 కంటే తక్కువ, 350 నిట్లు, 107 కోట్ల రంగులు, హెచ్‌డీఆర్. వీటిలో అబద్ధం ఏదీ లేకపోవచ్చు. అయినా రెండు మోడళ్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, పదివేల రూపాయలు ఎక్కువ దేనికి ఇస్తున్నామో ఆ వరుస చెప్పదు. ఆ అంకెల్లో ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ఇంట్లో కూర్చుని శుభలేఖలు, పుస్తకాల అట్టలు, దుకాణాల పోస్టర్లు, ప్యాకింగ్ డబ్బాలు రూపొందించే మనిషి అడిగే ప్రశ్న వేరు. ఈ తెర మీద నాకు కనిపించిన రంగే అవతలివాళ్లకు కాగితం మీదో, ఫోన్‌లోనో కనిపిస్తుందా అన్నదే ఆ ప్రశ్న.

కొన్నేళ్ల కిందట ఒక కథల సంపుటికి అట్ట చేశాను. ముదురు మెరూన్ నేపథ్యం, దాని మీద అంతకంటే కాస్త లేతగా ఒక పాత తలుపు. తెర మీద ఆ తలుపు చెక్కలోని గీతలు కూడా స్పష్టంగా కనిపించాయి. ప్రెస్సు నుంచి వచ్చిన కాపీల్లో తలుపే లేదు. అట్టంతా ఎండిన కుంకుడుకాయ రంగులో ఉంది. సిరా ఎక్కువ వేశారని ప్రెస్సువారితో గట్టిగానే వాదించాను. తప్పు నా బల్ల మీదే ఉందని తెలియడానికి ఇంకో రెండు పనులు చెడాల్సి వచ్చింది. ఆ తప్పు ఏమిటో వెలుతురు సంగతి వచ్చే చోట చెబుతాను.

పని చివరికి ఎక్కడికి చేరుతుంది

మానిటర్ గుణాన్ని దాని ధరతో కంటే, దాని మీద తయారైన పని చేరే చోటుతో కొలవడం సబబు. వాట్సాప్‌లో తిరిగే పోస్టరు, వెబ్‌సైటు బ్యానరు చివరికి ఫోన్ల మీదకే చేరతాయి. పుస్తకం అట్ట ఆఫ్‌సెట్ యంత్రం మీద సయాన్, మజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలుగా విడిపోతుంది. ఫ్లెక్సీ ఎండలో, ఇరవై అడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. శుభలేఖ సంగతి మరీ చిత్రం: అది సగం మందికి కార్డుగా, విదేశాల్లో ఉన్న బంధువులకు ఫోన్‌లో పీడీఎఫ్‌గా చేరుతుంది, పెళ్లివారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు కూడా.

తెర వెలుతురును వెదజల్లుతుంది, కాగితం తన మీద పడిన వెలుతురును తిప్పి పంపుతుంది. ఈ రెండూ అచ్చంగా ఒకేలా ఎప్పటికీ ఉండవు. ఎంత మంచి మానిటర్ అయినా చేయగలిగింది, ఆ తేడా ఎంత ఉంటుందో ముందుగా ఊహించగలిగేలా నమ్మకంగా ఉండటమే.

రంగుల పరిధి: మూడు పేర్లు, మూడు చరిత్రలు

మనిషి కన్ను చూడగల రంగులన్నిటినీ ఒక పటంలా గీసే పద్ధతి 1931లో అంతర్జాతీయ ప్రమాణంగా ఏర్పడింది. ఆ పటం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు బిందువులు పెట్టి త్రికోణం గీస్తే, ఆ మూడు దీపాలతో ఒక తెర చూపగల రంగులన్నీ ఆ త్రికోణం లోపలే ఉంటాయి. దీన్నే రంగుల పరిధి అంటున్నాం. ఎస్‌ఆర్‌జీబీ, అడోబీ ఆర్‌జీబీ, పీ3 అనేవి ముందే ఒప్పుకున్న మూడు త్రికోణాల పేర్లు మాత్రమే.

హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ఎస్‌ఆర్‌జీబీని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అప్పటి గాజు గొట్టాల మానిటర్లు ఏ రంగులు చూపగలవో వాటి ఆధారంగానే దాన్ని కట్టారు. అందుకే అది చిన్నది: 1931 పటంలో మూడో వంతు కంటే కొంచెమే ఎక్కువ. చిన్నదే అయినా ఇంటర్నెట్టు మొత్తానికి ఉమ్మడి భాష అదే. రంగుల సమాచారం ఏదీ జతచేయని బొమ్మను ఎస్‌ఆర్‌జీబీగానే భావించడం వాడుక.

అడోబీ ఆర్‌జీబీ 1998లో ముద్రణను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. దాని త్రికోణం పటంలో దాదాపు సగాన్ని ఆక్రమిస్తుంది, పెరిగిన భాగం ప్రధానంగా ఆకుపచ్చ, సయాన్ వైపు. నునుపైన ఆర్ట్ పేపరు మీద సయాన్ సిరాతో అచ్చయ్యే కొన్ని నీలి ఆకుపచ్చలు ఎస్‌ఆర్‌జీబీ త్రికోణానికి బయట ఉంటాయి. పట్టుచీరల దుకాణం కేటలాగులో నెమలికంఠం రంగు తెర మీద కాస్త నిర్జీవంగా, కాగితం మీద నిండుగా కనిపించడానికి ఒక కారణం ఇదే. కాగితం చూపగలిగిన రంగును తెర చూపలేకపోతోంది.

డీసీఐ-పీ3 సినిమా హాళ్ల డిజిటల్ ప్రొజెక్టర్ల కోసం పుట్టింది. దాన్ని కంప్యూటర్ తెరలకు సరిపోయేలా మార్చిన రూపమే డిస్‌ప్లే పీ3. ఆపిల్ 2015లో ఐమ్యాక్ తెరలతో దీన్ని జనంలోకి తెచ్చింది. 1931 పటం మీద కొలిస్తే విస్తీర్ణంలో ఇది ఎస్‌ఆర్‌జీబీ కంటే సుమారు 36 శాతం పెద్దది, ఎరుపులోనూ ఆకుపచ్చలోనూ ముందుకు జరుగుతుంది. ఇప్పటి ఖరీదైన ఫోన్లు చాలావరకు పీ3 రంగులను చూపగలవు. మధ్యరకం ధరలో విస్తృత పరిధి అని అమ్మే మానిటర్లు సాధారణంగా పీ3 వైపు మొగ్గుతాయి. అడోబీ ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపగలిగేవి తక్కువ, వాటి ధర ఎక్కువ.

బంగారు ఫాయిల్, వెండి సిరా, ఫ్లోరోసెంట్ రంగులు ఈ మూడింటిలో దేనిలోనూ లేవు. శుభలేఖ మీది వినాయకుడి బంగారు మెరుపును ఏ మానిటరూ చూపదు.

శాతాల్లో దాగిన తిరకాసు

ఒక ఎకరం చేను ఉందనుకుందాం, అదే ఎస్‌ఆర్‌జీబీ. దాని మీద పరిచిన టార్పాలిన్ పట్టా ఎకరం పావు ఉంది. పట్టా చేనుకంటే పెద్దదే, కానీ తూర్పు వైపుకు జరిగి ఉండటం వల్ల పడమటి గట్టు పక్కన పది సెంట్ల నేల ఎండలోనే మిగిలిపోయింది. పట్టా అమ్మినవాడు 125 శాతం అని రాసుకోవచ్చు, అందులో అబద్ధం లేదు. చేనులో కప్పబడింది మాత్రం 90 శాతమే.

మానిటర్ల ప్రకటనల్లో జరిగేది సరిగ్గా ఇదే. విస్తీర్ణం చెప్పే అంకె ఒకటి, నిజంగా కప్పిన భాగాన్ని చెప్పే అంకె ఇంకొకటి. రెండో దాన్ని కవరేజ్ అంటారు, అది 100 దాటడం అసాధ్యం. కాబట్టి 125 శాతం, 130 శాతం అని కనిపించిందంటే అది విస్తీర్ణమే అన్నమాట. కవరేజ్ ఎంతో వేరుగా వెతుక్కోవాల్సి ఉంటుంది.

లాప్‌టాప్‌లు, చవక మానిటర్ల పట్టికల్లో ఎన్‌టీఎస్‌సీ అనే మరో పేరు వస్తుంది. అది 1953లో అమెరికా రంగుల టీవీ కోసం నిర్ణయించిన త్రికోణం. నేటి డిజైన్ పనికి దానితో సంబంధం లేదు, కొలబద్దగా మాత్రం మిగిలిపోయింది. ఎస్‌ఆర్‌జీబీ విస్తీర్ణం ఎన్‌టీఎస్‌సీలో సుమారు 72 శాతం. కనుక 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసిన తెర దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత ఉన్నట్టు. 45 శాతం అని రాస్తే, 45ను 72తో భాగించగా వచ్చే 62 శాతం చుట్టూ ఉన్నట్టు. ఇలాంటి లాప్‌టాప్ తెర మీద కుంకుమ ఎరుపు ఇటుక రంగుకు దగ్గరగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఎరుపు పెంచుకుంటూ పోతే, ఫైలు మరో తెర మీద తెరిచినప్పుడు కళ్లు చెదురుతాయి.

పరిధి పెద్దదైతే వచ్చే చిక్కు

పెద్ద త్రికోణం ఎప్పుడూ మేలే అనుకోవడం సహజం. ఇక్కడ ఒక ఉదాహరణ దగ్గరగా చూడాలి.

ఒక బొమ్మలో ఎస్‌ఆర్‌జీబీ ప్రకారం నిండు ఎరుపు ఉంది: ఎరుపు 255, ఆకుపచ్చ 0, నీలం 0. ఇదే రంగును పీ3 తెర మీద యథాతథంగా చూపాలంటే ఆ తెరకు పంపవలసిన విలువలు సుమారు 234, 51, 35. పీ3 ఎరుపు దీపం మరింత గాఢమైనది కాబట్టి, దానికి కొంచెం ఆకుపచ్చ, నీలం కలిపి ఆ గాఢతను తగ్గించాలి. ఈ మార్పిడి చేసే పనినే కలర్ మేనేజ్‌మెంట్ అంటారు. ఫోటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్, తెరకు సరైన ప్రొఫైల్ (ఆ తెర రంగుల తీరును చెప్పే ఫైలు) ఉంటే, దాన్ని తనంతట తానే చేస్తుంది. మ్యాక్‌లో ఇది చాలావరకు వ్యవస్థ స్థాయిలోనే జరిగిపోతుంది. విండోస్‌లో మాత్రం చాలాకాలంగా ఎవరి సాఫ్ట్‌వేర్ బాధ్యత వారిదే. విండోస్ 11లో ఆటోమేటిక్ కలర్ మేనేజ్‌మెంట్ అనే సదుపాయం వచ్చినా అన్ని యంత్రాల్లోనూ లేదు. మార్పిడి తెలియని సాఫ్ట్‌వేర్ 255, 0, 0 అనే విలువలను యథాతథంగా పంపేస్తుంది. తెర తన సొంత ఎరుపును, అంటే ఉండవలసిన దానికంటే ఘాటైన ఎరుపును చూపుతుంది. ఒకే పోస్టరు ఫోటోషాప్‌లో ఒకలా, పాత బొమ్మల వ్యూయర్‌లో పండగ పందిరిలా కనిపించడానికి కారణం ఇది.

అందువల్ల రెండు వాదాలు నడుస్తున్నాయి. మన పని చూసేవాళ్లలో ఎక్కువమంది ఎస్‌ఆర్‌జీబీనే చూస్తారు, సరిగ్గా సర్దిన ఎస్‌ఆర్‌జీబీ తెర ఉంటే ఎక్కడా పొరపాటు రాదు అన్నది మొదటిది. కొత్త ఫోన్లన్నీ పీ3 వైపు వెళ్తున్నాయి, ముద్రణలోని కొన్ని రంగులు ఎస్‌ఆర్‌జీబీలో కనిపించవు, కాబట్టి విస్తృత పరిధి కొనుక్కుని అవసరమైనప్పుడు ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కు మారితే సరి అన్నది రెండోది. రెండో వాదంలో బలం ఉంది, అయితే కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టగానే వెలుతురు మార్చుకునే వీలు లేకుండా మీట బిగుసుకుపోతుందన్న సంగతి అందులో మరుగున పడుతుంది. నాకు తోచినంతలో, రోజంతా విండోస్ మీద, కలర్ మేనేజ్‌మెంట్ లేని పాత సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే వారికి విస్తృత పరిధి వరం కంటే బరువే ఎక్కువ. ప్రొఫైళ్ల సంగతి తెలిసి, ముద్రణకు పనిచేసే వారికి అది ఖరీదుకు తగినదే.

వెలుతురు: మెరూన్ అట్ట ఎందుకు నల్లబడింది

దుకాణంలో మానిటర్ల వెలుతురును నిట్లలో చెబుతారు, 300 కంటే 400 మేలన్నట్టు. సినిమా చూడటానికి, కిటికీ పక్కన కూర్చోవడానికి అది నిజమే. కాగితంతో పోల్చి చూసే పనిలో లెక్క తలకిందులవుతుంది.

తెల్ల కాగితం తన మీద పడిన వెలుతురులో సుమారు 85 శాతాన్ని తిప్పి పంపుతుందనుకుందాం. బల్ల మీద పడే వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. లక్స్ విలువను 0.85తో గుణించి 3.14తో భాగిస్తే కాగితం ఎన్ని నిట్ల వెలుతురుతో కనిపిస్తుందో వస్తుంది. బల్ల మీద 300 లక్స్ ఉంటే కాగితం 81 నిట్లు. ముద్రణ పరిశ్రమ మామూలు పరిశీలనకు వాడే 500 లక్స్ ఉంటే 135 నిట్లు. రాత్రిపూట ఒకే ట్యూబ్‌లైటు కింద బల్ల మీద 150 లక్స్ పడితే 40 నిట్లు.

నా మానిటర్ పెట్టెలోంచి తీసిన రోజు నుంచి పూర్తి వెలుతురులోనే, 300 నిట్లకు పైనే వెలుగుతోంది. అట్ట చేసింది రాత్రిపూట. అంటే నా తెర మీది తెలుపు, అదే గదిలో కాగితం తెలుపు కంటే ఏడెనిమిది రెట్లు కాంతివంతం. అంత వెలుతురులో ముదురు మెరూన్‌లోని తలుపు గీతలు కనిపించకేం చేస్తాయి? ఫైలులో అవి మొదటినుంచీ దాదాపు నలుపే. ప్రెస్సువారు ఫైలులో ఉన్నదే అచ్చు వేశారు.

ముద్రణకు పనిచేసేవారు తెరను 80 నుంచి 120 నిట్ల మధ్య ఉంచుకోవడం ఈ లెక్క వల్లనే. ఈ కాలపు మానిటర్లన్నీ అంతకు మించే వెలుగుతాయి; కాబట్టి డిజైనర్ పెట్టెమీద చూడవలసింది గరిష్ఠ వెలుతురు కాదు, అంత తగ్గించినప్పుడు తెర నిలకడగా, అంచుల్లో మసకబారకుండా ఉంటుందా అన్నది. దురదృష్టవశాత్తూ ఆ అంకె ఏ పెట్టె మీదా ఉండదు, తెర అంతటా ఒకే బూడిద రంగు నింపి చూస్తే తప్ప తెలియదు.

తెలుపు ఎంత తెల్లగా ఉండాలన్నది మరో తగువు. వెబ్, వీడియో ప్రమాణాల్లో తెలుపు 6500 కెల్విన్, అంటే కాస్త నీలి ఛాయ. ముద్రణ పరిశ్రమలో కాపీలను పరిశీలించే దీపాలు 5000 కెల్విన్, కొంచెం పసుపు ఛాయ. తెరను 5000కు మార్చుకోవాలని ఒక వర్గం, కన్ను తెరకు అలవాటు పడిపోతుంది కాబట్టి 6500 దగ్గరే ఉంచి కాగితాన్ని విడిగా చూడాలని మరో వర్గం చెబుతాయి. మన ఇళ్లలో కూల్ డే లైట్ పేరుతో అమ్మే ఎల్‌ఈడీ ట్యూబులు ఎక్కువగా 6500 కెల్విన్‌వే కావడంతో, తెర కూడా అక్కడే ఉంటే రెండూ పెద్దగా పోట్లాడుకోవు. చిక్కు వచ్చేది పక్కన పసుపు బల్బు వెలుగుతున్నప్పుడు, లేదా ఎదుటి గోడ చిలకాకుపచ్చ రంగులో ఉన్నప్పుడు. గోడ మీద పడిన వెలుతురు తన రంగు పూసుకుని తెర మీదకీ, కాగితం మీదకీ వస్తుంది.

చుక్కల సాంద్రత, తెలుగు వత్తుల సంగతి

రిజల్యూషన్ ఒక్కటే ఏమీ చెప్పదు. అంగుళానికి ఎన్ని చుక్కలన్నదే లెక్క. నిలువు, అడ్డం చుక్కల వర్గాలు కూడి, వర్గమూలం తీసి, తెర మూలమూలల కొలతతో భాగించాలి. 1920, 1080 చుక్కలున్న 24 అంగుళాల తెరలో అంగుళానికి 92 చుక్కలు వస్తాయి. అదే రిజల్యూషన్ 27 అంగుళాల తెరలో ఉంటే 82కు పడిపోతుంది. 2560, 1440 చుక్కలతో 27 అంగుళాలైతే 109. 4కె, అంటే 3840, 2160 చుక్కలు అయితే 163. 32 అంగుళాల 4కె తెరలో 138.

ఇంగ్లిషు అక్షరాలతో పనిచేసేవారికి ఈ తేడా సౌకర్యం మాత్రమే. తెలుగుతో పనిచేసేవారికి అది పనికే సంబంధించినది. శుభలేఖలో 8 పాయింట్ల సైజులో లక్ష్మి అన్న పేరు ఉందనుకుందాం. 8 పాయింట్లంటే 2.8 మిల్లీమీటర్లు. అసలు సైజులో చూసినప్పుడు 92 చుక్కల తెర ఆ ఎత్తుకు ఇవ్వగలిగేవి 10 చుక్కలు. ఆ పదిలోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద రెండు వత్తులు ఇమడాలి. వత్తులకు దక్కేది రెండు మూడు చుక్కలు. 163 చుక్కల తెరలో అదే పేరుకు 18 చుక్కలు వస్తాయి, వత్తు వత్తులాగే కనిపిస్తుంది. దగ్గరికి జూమ్ చేసి ఎలాగూ చూడవచ్చు, కానీ పేజీ మొత్తం అచ్చులో ఎలా ఉంటుందో ఒక్క చూపులో తేల్చుకునే సదుపాయం వేరు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అది మన దగ్గర గట్టిదే. ఇప్పటికీ చాలా డీటీపీ కేంద్రాలు, ఇంటి నుంచి పనిచేసేవారు అను అనే తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్ అనే పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. దాని ఆఖరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. అప్పటికి 4కె తెరలు మామూలు బల్లల మీదకు రాలేదు. అలాంటి పాత సాఫ్ట్‌వేర్‌ను 163 చుక్కల తెర మీద తెరిస్తే మెనూలు చీమల బారులా కనిపిస్తాయి, విండోస్ చేత బలవంతంగా పెద్దవి చేయిస్తే మసకబారతాయి. ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్, కోరెల్ కొత్త కూర్పులకు ఈ ఇబ్బంది లేదు. పాత, కొత్త రెండూ వాడవలసిన వారికి 27 అంగుళాల 1440 తెర మధ్యేమార్గం. 27 అంగుళాల 1080 తెర మాత్రం ఎంత చవకైనా డిజైన్ పనికి నేను మెచ్చను.

ఐపీఎస్, వీఏ, ఓఎల్‌ఈడీ

హిటాచీ 1996లో మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్ అనే తెర తయారీ పద్ధతి డిజైనర్ల తెరగా స్థిరపడటానికి కారణం ఒక్కటే: పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. క్లయింటు పక్క కుర్చీలో కూర్చుని చూసినా దాదాపు మీరు చూసిన రంగే చూస్తారు. దాని బలహీనత నలుపు. తెలుపు, నలుపుల నిష్పత్తి సాధారణ ఐపీఎస్‌లో 1000కి 1. తెలుపు 100 నిట్లు ఉంటే నలుపు 0.1 నిట్. వీఏ అనే మరో రకం తెరల్లో ఈ నిష్పత్తి 3000కి 1 చుట్టూ ఉంటుంది, నలుపు లోతుగా ఉంటుంది, కానీ తల కొంచెం జరిపితే ముదురు రంగుల ఛాయ మారుతుంది. వెడల్పాటి వంపు తెరలు చాలావరకు వీఏలే. వాటి మీద సరళరేఖ నిజంగా సరళంగా ఉందో లేదో తేల్చుకోవడం మరో అవస్థ.

ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతే నిజమైన నలుపు. చూడటానికి దానికి సాటి లేదు. అయితే డిజైనర్ తెర మీద టూల్‌బార్లు, ప్యానెళ్లు గంటల తరబడి కదలకుండా ఉంటాయి, అలాంటి చోట చుక్కలు అసమానంగా అరిగి మచ్చ మిగిలే ప్రమాదం ఈ రకానికి ఉంది. పైగా చాలా ఓఎల్‌ఈడీ మానిటర్లలో చుక్క లోపలి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అమరిక మామూలు వరుసలో ఉండదు. దానివల్ల చిన్న అక్షరాల అంచుల్లో సన్నని రంగు గీత కనిపిస్తుంది. వీడియో పని ఎక్కువ చేసేవారికి ఓఎల్‌ఈడీ ఆకర్షణ అర్థవంతమే, పేజీలు కూర్చేవారికి అంత కాదు.

డెల్టా ఇ, బిట్లు, కాలిబ్రేషన్

ఉండవలసిన రంగుకు, తెర చూపిన రంగుకు మధ్య దూరాన్ని డెల్టా ఇ అంటారు. విలువ 1 చుట్టూ ఉంటే పదునైన కంటికి కూడా తేడా కష్టంగా తెలుస్తుంది, 2 లోపు ఉంటే పనికి ఢోకా లేదు. పెట్టె మీద 2 కంటే తక్కువ అని రాసేది సగటు విలువ. ఇరవై రంగుల్లో పందొమ్మిదింటికి 1, ఒకదానికి 6 వచ్చినా సగటు 1.25 అవుతుంది, ఆ ఒక్కటి మీ క్లయింటు లోగో రంగు అయితే సగటు ఆదుకోదు. అదీగాక ఫ్యాక్టరీలో కొలిచింది ఎక్కువగా ఒక్క ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లోనే. మోడ్ మార్చిన క్షణం ఆ కొలత వర్తించదు.

బిట్ల సంగతి తేలిక. 8 బిట్ల తెరలో ఒక్కో రంగుకు 256 మెట్లు, మొత్తం 1.67 కోట్ల రంగులు. 10 బిట్లలో 1024 మెట్లు, 107 కోట్లు. మానిటర్ అడ్డంగా 2560 చుక్కల మేర, 40వ మెట్టు నుంచి 60వ మెట్టుకు నెమ్మదిగా మారే ముదురు నేపథ్యం వేస్తే, 8 బిట్లలో ఒక్కో మెట్టు 128 చుక్కల వెడల్పున చారలా కనిపించవచ్చు. 10 బిట్లలో 32 చుక్కలకే మెట్టు మారుతుంది, చారలు కలిసిపోతాయి. 107 కోట్లు అని రాసిన తెరల్లో చాలావి 8 బిట్లవే, రెండు మెట్ల మధ్య వేగంగా మారుస్తూ మధ్య మెట్టును భ్రమింపజేస్తాయి. పనికి అది చాలు. వెలుగునీడల మధ్య ఎక్కువ తేడా చూపుతుందని చెప్పే హెచ్‌డీఆర్ 400 ముద్రను డిజైన్ పనికి పట్టించుకోవలసిన అవసరం నాకు కనబడదు.

అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది కాలిబ్రేషన్. తెర వెనుక దీపాలు కాలంతో మసకబారతాయి, రంగు కొద్దికొద్దిగా జరుగుతుంది. తెర మీద తగిలించే చిన్న కొలత పరికరం ఒక్కో రంగును చూపించి, వచ్చిన విలువను కొలిచి, ఆ తెరకు ఒక ప్రొఫైల్ రాస్తుంది. ఈ ప్రొఫైళ్లకు ఉమ్మడి రూపం ఇచ్చిన అంతర్జాతీయ కలర్ కన్సార్షియం 1993లో ఏర్పడింది. మామూలు మానిటర్లలో తెలుపు, బూడిద ఛాయల సవరణ గ్రాఫిక్స్ కార్డులో జరుగుతుంది, దానివల్ల 256 మెట్లలో కొన్ని పోతాయి. ఖరీదైన వాటిలో ఆ సవరణ మానిటర్ లోపలే, ఎక్కువ మెట్లున్న పట్టికలో జరుగుతుంది. దీన్నే హార్డ్‌వేర్ కాలిబ్రేషన్ అంటారు. తేడా నిజమైనదే, కానీ మొదటిదైనా చేసిన తెరకు, ఏదీ చేయని తెరకు మధ్య ఉన్న దూరంతో పోలిస్తే చిన్నది.

తీగ తప్పు తెర మీద పడటం

ఒక్కోసారి దోషం మానిటర్‌ది కాదు. హెచ్‌డీఎంఐ తీగతో కలిపినప్పుడు కంప్యూటర్ ఆ తెరను టీవీ అనుకుని, 0 నుంచి 255 వరకు పంపవలసిన విలువలను 16 నుంచి 235 మధ్యకు కుదించి పంపడం కద్దు. నలుపు బూడిదగా, తెలుపు మురికిగా కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో పూర్తి పరిధి ఎంచుకోగానే సర్దుకుంటుంది. పాత హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే ఉన్న లాప్‌టాప్ నుంచి 4కె తెరకు సెకనుకు 30 చిత్రాలే వెళ్తాయి, మౌస్ బాణం తడబడుతూ కదులుతుంది. సాయంత్రం కాగానే తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ వేసి ఉందని మరచిపోయి రంగులు దిద్దినవారు నాకు ఇద్దరు తెలుసు, అందులో ఒకరు నేనే.

రెండు బల్లలు, రెండు లెక్కలు

ఒక జిల్లా కేంద్రంలో ఇంటి నుంచి పనిచేసే డిజైనర్‌ను ఊహించుకుందాం. పని దుకాణాల వాట్సాప్ పోస్టర్లు, ఫ్లెక్సీలు, అప్పుడప్పుడు కరపత్రాలు. అతని రంగులు చేరేది ఫోన్లకు, ఎండలోని ఫ్లెక్సీలకు. ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్ 99 శాతం ఉన్న 24 అంగుళాల 1080 ఐపీఎస్, లేదా 27 అంగుళాల 1440 ఐపీఎస్ అతని అవసరాన్ని పూర్తిగా తీరుస్తుంది. అంతకు మించి పెట్టే డబ్బు చదవడానికి హాయిగా ఉండే సాంద్రతకు వెళ్లవచ్చు గానీ, పరిధికి వెళ్తే దానివల్ల వచ్చే లాభం చూసే కళ్లు అవతల తక్కువ.

రెండో బల్ల హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు గదిలో ఉంది. ఆమె పచ్చళ్ల తయారీదారులకు పౌచ్‌లు, లేబుళ్లు చేస్తుంది. ఆవకాయ ఎరుపు, గోంగూర ఆకుపచ్చ, మామిడి పసుపు ఆమెకు రోజూ ఎదురయ్యే రంగులు. ఆమె ముందున్నవి రెండు దారులు: అడోబీ ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపే, హార్డ్‌వేర్ కాలిబ్రేషన్ ఉన్న ఖరీదైన మానిటర్, లేదా దానిలో సగం కంటే తక్కువ ధరకు మంచి పీ3 ఐపీఎస్, దానితోపాటు ఒక కాలిబ్రేషన్ పరికరం. పరికరం ఒక సాధారణ 24 అంగుళాల మానిటర్ ధరంత పడుతుంది, కానీ తర్వాత కొనే తెరలకూ పనికొస్తుంది. నేనైతే రెండో దారికే మొగ్గుతాను. ఆ గోంగూర ఆకుపచ్చలో కొంత మేర పీ3కి కూడా బయట ఉండవచ్చు, అది ఒప్పుకోవలసిన లోటే. కానీ ఆమె పని అచ్చయ్యేది తెల్ల ఆర్ట్ పేపరు మీద కాదు, మెరిసే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద. అక్కడ ఎరుపు కింద తెల్ల సిరా పొర వేశారా లేదా అన్నదాన్ని బట్టే ఆవకాయ ఆవకాయలా కనిపిస్తుందా, రాగిరేకులా కనిపిస్తుందా అన్నది తేలుతుంది. ఆ పొరను ఏ మానిటరూ చూపదు కనుక, యంత్రం మీద అసలు ఫిల్మ్‌తో తీసిన నమూనా ముక్క చేతికి వచ్చి, ఆమె దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని తెరతో పోల్చి చూసే దాకా రంగు ఖాయం కానట్టే.